తిమ్మయ్య దగ్గు

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్లు ఆపిన మధ్యాహ్నం మూడుముక్కలాటకు కూర్చున్నాం. మంచి ముక్కలు పడితే తిమ్మయ్యకు దగ్గొస్తుందని మాకందరికీ తెలుసు.

ఆ రోజు పందెం పెరిగినప్పుడల్లా దగ్గాడు. ఒక్కొక్కరే ముక్కలు పడేశారు. చివరికి నేనూ అతనూ మిగిలాం. నా చేతిలో రాజుల జత ఉంది. అతను పందెం రెట్టింపు చేసి మళ్ళీ దగ్గాడు. నేనూ పడేశాను.

అతని ముక్కలు తిప్పి చూశాను. రెండు, ఐదు, తొమ్మిది.

"ఉత్త దగ్గుతోనే మమ్మల్నందర్నీ ఏమార్చినావు గదప్పా!" అని నవ్వాను.

తిమ్మయ్య నవ్వలేదు. రాతిదుమ్ముతో తెల్లబడిన తువ్వాలుతో నోరు తుడుచుకుని, "పంచప్పా," అన్నాడు.

పంచాను. అతను ముక్కలు ఎత్తనేలేదు, దగ్గు మొదలైంది.

ఈసారి ఎవరమూ పందెం కాయలేదు.