నాగరత్నం పట్టుచీర

"వెండెంతొస్తుందో తరవాత చూద్దువుగాని అచ్చిబాబూ, ముందు చీర కుంపట్లో పడెయ్యి" అంది రాజేశ్వరి.

అచ్చిబాబు కంగారు పడలేదు. పాత జరీ చీరలు కొని, కాల్చి, బూడిదలోంచి వెండి తీసి అమ్ముకోవడం అతని పని. ముప్పై ఏళ్లుగా రాజమండ్రి వీధులన్నీ తిరుగుతున్నాడు. తొందరపెట్టే ఇల్లాళ్లని చాలామందిని చూశాడు. పెరట్లో నీడకి చాప వేసుకుని, ఆకుపచ్చ పట్టుచీర మడత తీరిగ్గా విప్పాడు.

"ఎప్పటిదండీ ఇది?"

"యాభై అయిదులోది. మా ఆయన మొదటి పెళ్లాం పెళ్లి చీర."

ఆ మాట అనేసరికే రాజేశ్వరికి నోరు చేదెక్కింది. నాగరత్నం పోయి పదేళ్లయింది. రాజేశ్వరి ఆ ఇంటికొచ్చి ఏడేళ్లు. పోయిన మనిషి మీద అసూయపడటం ఎంత కష్టమో ఆవిణ్ణే అడగాలి. బతికున్న మనిషైతే ఎప్పుడో ఒకప్పుడు కూర మాడుస్తుంది, జుట్టు నెరుస్తుంది, నోరు జారుతుంది. పటంలో ఉన్నావిడకి ఆ బాధలేం లేవు. ముప్పై నిండని వయసులో, పూలజడ వేసుకుని, ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది.

ఆత్రేయపురంలో వాళ్లింట్లో రెండో పెళ్లివాడికిచ్చిన పిల్ల రాజేశ్వరి ఒక్కతే. గుళ్లో రెండు దండలతో, ఒక నేత చీరతో పెళ్లి అయిందనిపించారు. కాపురానికొచ్చి గడప దాటగానే ఎదురుగా నాగరత్నం పటం. దాని ముందు పళ్లెంలో ఈ పట్టుచీర, పైన పసుపూ కుంకుమా పూలూ. పోయినావిడ పెళ్లి చీరకి పూజ చేస్తున్నారని రాజేశ్వరికి ఒళ్లు మండిపోయింది.

"ఆ చీర నేను చచ్చినా ముట్టుకోను" అని చుట్టాలందరి ముందూ అనేసింది.

జోగేశ్వరరావు నోరు మెదపకుండా చీర తీసి బీరువాలో పెట్టాడు. మనిషే అంత. కిరాణా కొట్లో రోజంతా బేరగాళ్లతో వాగి వాగి, ఇంటికి రాగానే మూగనోము పడతాడు. రాజేశ్వరి కూడా తక్కువ తినలేదు. ఆయన చేతి మీదుగా వచ్చిన చీరేదీ కట్టనని పంతం పట్టి, పుట్టింటివాళ్లు పెట్టిన వాటితోనే ఏడేళ్లు నెట్టుకొచ్చింది.

ఏటా ఉగాది పొద్దున్న ఆ చీర బీరువాలోంచి బయటికొస్తుంది. జోగేశ్వరరావు దాన్ని పటం ముందు పెట్టి, ఒకసారి పటం వంకా ఒకసారి రాజేశ్వరి వంకా చూస్తాడు. ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారో బేరీజు వేస్తున్నాడని ఆవిడ ఏడుపు. సాయంత్రానికి చీర మళ్లీ బీరువాలోకి పోతుంది.

ఉగాదికి ఇంకో నాలుగు రోజులుంది. ఇవాళ ఆయన ధవళేశ్వరం వెళ్తూ బీరువా తాళాలు మరిచిపోయాడు. ఇంకేం కావాలి?

అచ్చిబాబు జరీ పోగొకటి లాగి గోటితో విప్పాడు. చీర కొస వెలుతురుకి పెట్టి చూశాడు.

"యాభై అయిదులోది కాదండీ."

"నీకేం తెలుసు?"

"అప్పట్లో పట్టు పోగు మీద వెండి తీగ చుట్టేవోరండి. ఇది నూలు పోగు మీద చుట్టింది. ఇదిగో, ముద్ర కూడా ఉంది. ఈ నేతగాళ్ల సొసైటీ పెట్టిందే డెబ్బై ఒకటిలో. దాని ప్రెసిడెంటు మా బావమరిదేనండి."

రాజేశ్వరి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాగరత్నం పోయింది అరవై తొమ్మిదిలో.

"సరిగ్గా చూడు."

"చూశానండి. ఇంకోటి చెప్పనా? దీన్ని ఎవరూ కట్టలేదు. కుచ్చిళ్ల దగ్గర నలగలేదు, కొంగు చివరి దారాలకి ముడులు కూడా వెయ్యలేదు. కొత్త చీరండి ఇది."

పాత పెళ్లాం గుర్తుగా పాత చీర దాచుకున్నాడంటే, కుళ్లుకుంటూనే రాజేశ్వరి ఏదో సరిపెట్టుకుంది. ఇప్పుడు చూస్తే ఆ మహానుభావుడు తనని పెళ్లాడిన రోజుల్లోనే, పోయినావిడ కోసం పనిగట్టుకుని కొత్త పట్టుచీర కొన్నాడు! బతికున్నదానికి నేత చీరా? పటంలో ఉన్నదానికి పట్టుచీరా? ఏడుపు తన్నుకొచ్చింది.

"రెండు తులాల వెండి కూడా రాదమ్మా" అన్నాడు అచ్చిబాబు జాలిగా. "కాల్చడం దండగ. మీరే కట్టుకోండి, మీ ఒంటికి బాగుంటది."

"నేనా? దాని చీరా? కాల్చమన్నానా లేదా!"

అచ్చిబాబు నిట్టూర్చి నిప్పులు ఊదాడు. పట్టు తొందరగా అంటుకోలేదు. మెల్లగా ముడుచుకుంటూ, నల్లబడుతూ కాలింది. రాజేశ్వరి కదలకుండా నిలబడి చివరిదాకా చూసింది.

"ఏంటీ కమురు వాసన?" అంటూ జోగేశ్వరరావు పెరట్లోకొచ్చాడు. కుంపటి అంచున మిగిలిన ఆకుపచ్చ ముక్క చూసి ఆగిపోయాడు.

"మీ నాగరత్నం చీరేనండి. దానికని కొత్తది కొన్నారుగా! దాని దగ్గరికే పంపించేశాను."

"నాగరత్నం చీరా?" జోగేశ్వరరావుకి అర్థం కాలేదు. "దాని పెళ్లి చీర దాంతోపాటే కాటికెళ్లింది కదే."

"మరి దీన్ని ఏటేటా దాని పటం ముందు ఎందుకు పెట్టారు?"

జోగేశ్వరరావు కుంపటి పక్కన కూలబడ్డాడు. కాలుతుందని కూడా చూసుకోకుండా ఆ ముక్క చేత్తో తీసుకున్నాడు.

"ముందు సవతికి చూపించాకే కదా రాజేశ్వరీ, నీ చీర నీకివ్వాలి."