ఎర్రచీటీ గొట్టాలు

"ముట్టుకోవద్దని చెప్పానా, లేదా?"

సైంటిస్టు సారు గాజు గొట్టాన్ని అక్క ముఖం ముందు ఆడించాడు. గొట్టం అద్దంలా మెరుస్తోంది. అదే అక్క చేసిన నేరం.

"లోపలంతా జిగురు పట్టి ఉంటే మురికనుకుని తోమేశాను సార్. పైన చీటీ కూడా లేదు..."

"మురికా? వారం రోజులు పెంచానే దాన్ని! రేపట్నుంచి ఈ ల్యాబు గడప తొక్కకు."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ ల్యాబులో సీసాలు కడగబట్టి పద్దెనిమిదేళ్ళు. అక్క తోముడు బ్రష్షు చెల్లెలి చేతిలో పెట్టి, తడిచేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ వీపు వరండా మలుపు తిరిగేదాకా చెల్లెలు చూస్తూనే ఉంది.

మర్నాడు చాలా వినయంగా అడిగింది. "అంత విలువైందా సార్ ఆ జిగురు?"

పాఠం చెప్పడమంటే సారుకి ఎక్కడలేని హుషారు.

"అది బ్యాక్టీరియా కట్టుకున్న కోట. విడివిడిగా ఉన్నప్పుడు వాటిని చంపడం తేలికే. ఏ గోడకో అంటుకుని, జిగురు కమ్ముకుని, దాని చాటున చేరాయా, ఇక మందులు కూడా ఓ పట్టాన పనిచెయ్యవు."

"మాటా మంతీ ఉంటాయా వాటికి?"

"ఎందుకుండవ్! ఒక్కొక్కటీ ఒక రసాయనం వదుల్తుంది, 'నేనున్నా, నేనున్నా' అన్నట్టు. అది పలచగా ఉన్నంతసేపూ కిక్కురుమనవు. చిక్కబడిందా, బలగం చాలిందని తెలిసిపోతుంది. అప్పుడు అన్నీ ఒక్కసారే విరుచుకుపడతాయి."

"అప్పటిదాకా నోరు మూసుకునుంటాయన్నమాట," అంది చెల్లెలు. "తెలివైనవే."

"ఆ కోటని కూల్చే మందు చేస్తున్నాను. మందు వేసిన గొట్టాలకి ఎర్రచీటీ, వెయ్యనివాటికి తెల్లచీటీ. నువ్వైనా కళ్ళు పెట్టుకుని చూడు!"

"ఎర్రచీటీ. గుర్తుంచుకుంటాను సార్."

ఆ వారమే సారు దశ తిరిగింది. తెల్లచీటీ గొట్టాల్లో జిగురు ఎక్కడిదక్కడే ఉంది. ఎర్రచీటీవి మాత్రం పొద్దున్నే వచ్చి చూసేసరికి తళతళ! మళ్ళీ జిగురు పెంచాడు, మళ్ళీ మందు వేశాడు. మళ్ళీ తళతళ. నాలుగు నెలలు ఇదే వరస. సారు కాళ్ళు నేలమీద ఆనడం లేదు. రోజూ అందరికన్నా ముందొచ్చి తాళం తీసే చెల్లెలి వేళ్ళు పగుళ్ళు తేలితే ఎవరికి పట్టింది?

చివరికి పెద్ద సభ పెట్టాడు. పాత గొట్టాలు చూపిస్తే ఏం గొప్ప? ముందురోజు సాయంత్రం కొత్త గొట్టాలకి మందు వేసి పెట్టెలో పెట్టి, పొద్దున నేరుగా వేదిక మీదే ఆ పెట్టె తెరుస్తాడట.

"ఎంతమందొస్తారు సార్?"

"హాలు చాలదు! మూడొందలమంది!"

"అయితే చాల్తారు," అంది చెల్లెలు. "రేపు సెలవు కావాలి సార్. అక్కని చూసొస్తాను."

"వెళ్ళు, వెళ్ళు. రేపు నీతో పనేముంది?"

మర్నాడు అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతుంటే ఫోను మోగింది. సారు గొంతు కీచుగా ఉంది. వెనకాల ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"నా గొట్టాల్ని ఏం చేశావే? అంతమంది ముందు పెట్టె తెరిస్తే జిగురు జిగురులాగే ఉంది! నిజం చెప్పు, ముట్టుకున్నావా?"

చెల్లెలు సంచిలోంచి, కుచ్చంతా అరిగి బోడిగా మిగిలిన బ్రష్షు తీసి అక్క చేతిలో పెట్టింది.

"ఒట్టు సార్! ఈ నాలుగు నెలల్లో వాటిని నేను ముట్టుకోనిది ఇవాళ ఒక్కరోజే."