కొర్రమీను కాపలా

ఏటి ఒడ్డున తుంగలో కొర్రమీను గుడ్లు పెట్టి, వాటి కిందే కాపలా కాస్తోంది. పసుపు పచ్చని గుడ్లు నీటిమీద తేలుతున్నాయి. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన థర్మోకోల్ పూసలు కొన్ని వాటిలో కలిశాయి. ఎండకు అవీ పసుపెక్కి ఉన్నాయి.

ఎండ్రకాయ చూసింది. "వదినా, ఇందులో గుడ్లు కానివి ఉన్నాయి. ఏరెయ్యనీ."

"నా గుడ్ల మీద నీ కాలు పడిందో, డొప్ప పగలగొడతా!" అంటూ కొర్రమీను దాని మీదికి దూకింది.

నీటిపామును తరిమింది. కొంగ ముక్కుతో పొడిచినా కదల్లేదు. మూడో రోజుకు పిల్లలు పుట్టాయి. పూసల నుంచి రాలిన నలకలను మేతనుకుని అవి మింగాయి.

"చూశావా, ఎలా కడుపు నిండా తిన్నాయో!" అంది కొర్రమీను.

"అది మేత కాదు వదినా! పిల్లల్ని అవతలికి తోలుకుపో" అని ఎండ్రకాయ దూరం నుంచే బతిమాలింది.

"గూడు విడిచి ఎక్కడికి పోను? అక్కడ కొంగ కాచుక్కూర్చుంది."

వారం తిరక్కుండా పిల్లలన్నీ ఉబ్బిన పొట్టలతో వెల్లకిలా తేలాయి. కొర్రమీను ఒక్కోదాన్నీ మూతితో కదిపి చూసింది. ఏదీ ఈదలేదు.

ఎండ్రకాయ మెల్లగా వచ్చి, మిగిలిన పూసల మీద కాలు వేసింది.

"దూరం పో!" కొర్రమీను అడ్డుపడింది. "ఈ గుడ్లు ఇంకా పిల్లలవ్వాలి."