ఏడు రోజుల ఎయిర్‌బ్రష్

ఆ ఎయిర్‌బ్రష్‌ను పిన్ని కొనడం అది పదకొండోసారి. ఉంచుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు.

ఆమెను వీధి వీధంతా కేకుల పిన్ని అనే పిలుస్తుంది. ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి అమ్ముతుంది. చేతిలో మంచి పనితనం ఉంది. కానీ ఈమధ్య జనానికి ఉట్టి పనితనం ఆనడం లేదు. కేకు మీద సూర్యాస్తమయం కావాలి, అందులో నారింజ రంగు ఎక్కడ అయిపోయి ఊదారంగు ఎక్కడ మొదలైందో తెలియకూడదు. అది కుంచెతో అయ్యే పని కాదు. పెన్నులాంటి గొట్టానికి చిన్న మోటారు తగిలించి, రంగును మంచులా కురిపించాలి. అదే ఎయిర్‌బ్రష్.

మొదటిసారి ఆమె నిజంగానే కొందామని వెళ్లింది. బేకరీ సామాన్ల షావుకారు మూడు రకాలు చూపించాడు. ఒకదాని మోటారు పెడితే వంటింట్లో ఇక మనిషికి చోటుండదు. రెండోది ఛార్జింగుతో నడిచేది, కేకు సగంలో ఉండగానే ఆగిపోతుందట. మూడోది చవక, చేతిలో తేలిగ్గా ఉంది. కానీ పిన్నికి ఆ చవక కూడా ఖరీదుగానే తోచింది. సరిగ్గా అప్పుడే గోడ మీది బోర్డు కంటపడింది: ‘నచ్చనిచో ఏడు రోజులలో వాపసు. పూర్తి డబ్బు ఇవ్వబడును.’

అంతే, ఆ మూడోది పిన్నికి తెగ నచ్చేసింది.

అప్పట్నుంచీ అదే వరస. ఆర్డరు రాగానే కొనడం, పనైపోగానే వేడినీళ్లతో కడిగి, సూది మొనను దూదితో తుడిచి, పెట్టెలో ఎలా ఉన్నదాన్ని అలా సర్ది ఆరో రోజున తిరిగిచ్చేయడం. ఈ మొత్తం పనిలో కష్టమైందల్లా ప్రతిసారీ ఒక కొత్త వంక వెతకడమే.

"మోటారు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది అన్నయ్యగారూ!"

"అయ్యో, అలాగా చెల్లెమ్మా!" అంటూ షావుకారు కాగితం మీద శ్రద్ధగా రాసుకునేవాడు. ఒకసారి వంక తట్టక పిన్ని నీళ్లు నములుతుంటే, "వేడెక్కుతోందని రాసెయ్యనా?" అని ఆయనే అందించాడు. డబ్బు తిరిగిచ్చేటప్పుడు ఆయన ముఖంలో చిరాకన్నదే కనిపించేది కాదు. ఇంత అమాయకుణ్ణి తన జన్మలో చూడలేదనుకుంది పిన్ని.

ఏడోసారి కొత్త పెట్టె విప్పి చూస్తే, సూది దగ్గర ఎండిపోయిన ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. పిన్నికి ఒళ్లు మండిపోయింది.

"చూశారా ఈ ఘోరం! ఎవరో వాడేసుకుని తిరిగిచ్చేశారు. సిగ్గూ శరమూ లేని మనుషులు!" అంది భర్తతో.

భర్త దర్జీ. కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే, "ఉంటారుంటారు. నేను రోజూ చూస్తూనే ఉన్నా" అన్నాడు.

పదకొండోసారి కొన్నది రెండు వందల బిస్కెట్ల ఆర్డరు కోసం. అలవాటు ప్రకారం ఆరో రోజున తిరిగివ్వబోతే, కొట్టు ముందు ట్రాలీ ఆగి ఉంది. అరలు సగానికి సగం ఖాళీ. పనివాళ్లు పెట్టెలు మోసుకుపోతున్నారు. పిన్ని మెట్టెక్కకుండానే వెనక్కి తిరిగింది.

"ఆయన కొట్టు ఎత్తేస్తున్నట్టున్నాడండీ" అంది ఇంటికొచ్చి.

"ఎత్తెయ్యక ఏం చేస్తాడు? అమ్మిన సరుకంతా అలిగిన కోడలు పుట్టింటికొచ్చినట్టు వచ్చేస్తుంటే! ఒక సంసారాన్ని రోడ్డున పడేశావు. ఆయన కేసు పెడితే నీ కేకులు కొనేవాడు కూడా ఉండడు, చూసుకో."

చెల్లెమ్మా అని నోరారా పిలిచిన మనిషిని నిలువునా ముంచానే అని పిన్ని కుమిలిపోయింది. పోలీసులు గుమ్మంలో నిలబడితే వీధిలో తలెత్తుకునేదెలా అన్న భయం ఒకపక్క. రెండు రోజులు తిండి సయించలేదు. మూడో రోజు పొద్దున్నే పెట్టె చంకలో పెట్టుకుని కొట్టుకు వెళ్లింది.

"రండి రండి చెల్లెమ్మా. ఏడు రోజులు దాటినా ఏం ఫర్వాలేదు, ఇలా ఇచ్చెయ్యండి. ఈసారి ఏం చేసింది?" అంటూ షావుకారు కాగితం తీశాడు.

"ఏమీ చెయ్యలేదన్నయ్యా. ఇది బంగారంలా పనిచేస్తోంది. పదిసార్లూ బంగారంలాగే పనిచేసింది. నేను చెప్పినవన్నీ అబద్ధాలే." పిన్ని పెట్టెను మళ్లీ చంకలోకి లాక్కుంది. "దీన్ని నేనే ఉంచుకుంటా. నావల్ల మీకు చెడ్డపేరు రాకూడదు. మిషన్లలో ఏ లోపమూ లేదని, తప్పంతా నాదేనని వీటిని తయారుచేసే కంపెనీకి ఉత్తరం కూడా రాసుకొచ్చా. ఇవాళే పోస్టు చేసేస్తా."

షావుకారు ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. గబగబా వెళ్లి షట్టరు సగానికి దించాడు. ఇక పోలీసులకు ఫోన్ చేయడమే తరువాయి అనుకుని పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి ఆయన రెండు చేతులూ జోడించి ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

"అంత పని చెయ్యకండి చెల్లెమ్మా! లోపముందని రాసిన ప్రతి కాగితానికీ కంపెనీ పాతది అడక్కుండానే నాకో కొత్త మిషను ఊరికే పంపుతోంది, మీకేమో ఆ పాతదాన్నే తుడిచి మళ్లీ ఇస్తున్నా. మీలాంటి చెల్లెమ్మల పుణ్యమా అని పక్కవీధిలో రెండో కొట్టు తెరుస్తుంటే, ఇప్పుడొచ్చి నిజాయితీ అంటారేంటి?"