శుక్రవారం ప్రూఫు

"ఏ ఎల్లయ్య, బిడ్డా?"

కౌంటరు వెనక ప్రకటనలు రాస్తున్న శివరాం తలెత్తలేదు. అచ్చు ప్రూఫు చేత పట్టుకున్న ముసలాయన మళ్లీ అడిగాడు.

"ఎల్లయ్య, వెంటనే ఇంటికి రావలెను అని ఏసినవు. గీ బొంబాయిల ఎంతమంది ఎల్లయ్యలు! ఏ ఊరు? ఎవరి కొడుకు? ఏం గుర్తు?"

"జాగా లేదు తాతా."

"చెయ్యాలె జాగా. గుర్తు లేకుంటె మనిషెట్ల దొరుకుతడు?"

శివరాం పళ్లు కొరుకుతూ, చీటీ చూసి ఊరి పేరు, తండ్రి పేరు చేర్చాడు.

ఫోరస్ రోడ్డులో ఆ తెలుగు ప్రకటనల వారపత్రిక పదిహేనేళ్లుగా నడుస్తోంది. తప్పిపోయినవాళ్లు, గది కావలసినవాళ్లు, పని ఇచ్చేవాళ్లు. శనివారం మధ్యాహ్నానికి దుకాణాలకు చేరుతుంది.

ఈ ఏడాదే ఒక లండన్ కంపెనీ, ఇక్కడి శేఠ్‌ను ముందు పెట్టుకుని, దాన్ని కొనేసింది. గుజరాతీది, మరాఠీది కూడా కొన్నారు కానీ, మనసు పడింది తెలుగుదాని మీదే. తప్పిపోయినవాళ్ల కోసం పది ప్రకటనలు వేస్తే ఎనిమిది మంది దొరికేవాళ్లు.

"అంత చిన్న పత్రికకు అన్ని జవాబులా అని లండన్‌లో నోళ్లు వెళ్లబెట్టారయ్యా," అన్నాడు మేనేజరు శంకర్రావు.

అదంతా తన రాత మహిమేనని శివరాం నమ్మకం.

కొనగానే రూల్సు దిగాయి. ఒక్క కాగితం కూడా ఊరికే బయటికి పోకూడదు. చెడిన ప్రూఫులు సంచీలో కట్టి సీలు వేయాలి.

ఈ లచ్చయ్య తాత మాత్రం ప్రతి శుక్రవారం సాయంత్రం కళ్లద్దాలు దారంతో చెవికి కట్టుకుని వస్తాడు. పత్రిక ఒక్కసారి కొన్న పాపాన పోలేదు. ప్రూఫు అడిగి, నిలబడి అంతా చదివి, నాలుగు తప్పులు పట్టి మరీ పట్టుకుపోతాడు.

"ఇగ ఇయ్యి ఆ కాగితం," అన్నాడు శివరాం.

"ఒక్కటే కద బిడ్డా. రేపు పొద్దుగాల్నే కూలీల నాకా కాడ..."

"నాకా కాడ అమ్ముకుంటవా? రద్దీ కాగితాలు గావాలంటె రద్దీవాలా దగ్గరికి పో. ఇది లండన్ కంపెనీ ఇప్పుడు!"

లాగేసరికి ప్రూఫు సగానికి చిరిగింది.

చేతిలో మిగిలిన ముక్కను లచ్చయ్య జాగ్రత్తగా మడిచి కౌంటరు మీద పెట్టాడు.

"ఇగ రాకు తాతా."

"రాను బిడ్డా," అని ఆయన ఆఫీసు మెట్లు దిగిపోయాడు.

మరుసటి వారం మహబూబ్‌నగర్ దిక్కు నుంచి కిష్టమ్మ వచ్చింది. తొమ్మిదో గల్లీ చాల్‌లో చుట్టాల ఒంటిగదిలో దిగింది. రెండేళ్ల కిందట కూలికి వచ్చిన మొగుడు సాయిలు ఏ బిల్డింగు పనిలో ఉన్నాడో తెలియదు. ఊళ్లో అత్త మంచాన పడి కొడుకును కలవరిస్తోంది.

"కుడి చేతికి ఆరు వేళ్లుంటయి సారూ."

"అదంత అక్కర్లేదమ్మా. పేరు చాలు."

ఈసారి పేరొక్కటే వేస్తే కాదనేవాళ్లు లేరు.

కిష్టమ్మ రోజూ వచ్చేది. "ఒచ్చిండా సారూ?" రాలేదు. సాయిలే కాదు, ఎవరూ రాలేదు. రెండు వారాలు, మూడు వారాలు. 'దొరికారు' అని టిక్కులు పెట్టే పుస్తకం తెల్లగానే ఉంది.

శంకర్రావు లండన్ నుంచి వచ్చిన టెలెక్సు కాగితం ఆడించాడు. "నెలాఖరు లోపల జవాబులు రాకపోతే తెలుగు బంద్. అసలేం రాస్తున్నావయ్యా?"

"ఎప్పటోలెనే రాస్తున్న సార్!"

ఆ శుక్రవారం కిష్టమ్మ రాలేదు. ఆమె చుట్టం వచ్చి చెప్పింది. అత్త పోయిందని తంతి వచ్చిందట. కిష్టమ్మ నిన్నటి బండికే ఊరెళ్లిపోయింది.

ఇంత రాస్తుంటే ఎవరూ చదవరేమని శివరాంకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే తనే అప్పుడే అచ్చయిన ఒక కట్ట పత్రికలు చంకన పెట్టుకుని, కూలీలు పనికోసం నిలబడే నాకాకు వెళ్లాడు. సిమెంటు మోసే గమేలాలు, పారలు, తట్టలు. మొదట ఎదురైన మనిషి చేతిలో ఒక పత్రిక పెట్టాడు.

అతను దాన్ని విప్పి రొట్టెలు చుట్టుకున్నాడు.

ఆ చేతికి ఆరు వేళ్లు.

"నీ పేరు సాయిలా?"

"అవు సారూ."

"మూడు వారాల సంది నీ పేరు ఏస్తున్నం గదయ్యా! సదువుకోవా?"

"సదువొస్తె గమేలా ఎందుకు మోస్త? ఏమని ఏసిండ్రు?"

శివరాం కిష్టమ్మ వచ్చిన సంగతి, తల్లి పోయిన సంగతి చెప్పాడు.

సాయిలు రొట్టెలు తీసేసి ఆ కాగితాన్ని సాపు చేశాడు. "కిష్టమ్మ ఏ బండికి పోయింది సారూ?" అన్నాడు.

తట్ట నెత్తిన పెట్టుకుని అదంతా విన్న కూలీ పెంటమ్మ శివరాం వైపు తిరిగింది. "మద్యానం పేపరొస్తె మేమేడుంటం? మా తాతుంటె శనివారం పొద్దుగాల్నే తెలుస్తుండె. గా దుకాణం మెట్ల మీద నిలబడి ఒర్రి ఒర్రి సదివెటోడు. ఊరు, తండ్రి పేరు, గుర్తు చెప్పి, ఉన్నడా అయ్యా గిట్ల మనిషి అని అడిగెటోడు. ఈడ లేకుంటె దాదర్ నాకా దాకా నడిచి పోయెటోడు."

"ఏ తాత?"

"లచ్చయ్య తాత. కళ్లద్దాలకు దారం. కాగితం ఇస్తలేరని రెండు శనివారాలు ఉత్త చేతులతోని నిలబడ్డడు. తర్వాత ఊరికి పోయిండు."

"ఏ ఊరు?"

పెంటమ్మ పక్కవాళ్లను చూసింది. వాళ్లు ఆ పక్కవాళ్లను చూశారు. అందరి ఊళ్లూ అడిగిన మనిషిని, ఆయన ఊరేదని ఎవరూ అడగలేదు.

శివరాం మిగిలిన పత్రికలతో ఆఫీసుకు తిరిగొచ్చాడు. శంకర్రావు టెలెక్సు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైనా తెలిసిందా? జవాబులెందుకు ఆగిపోయాయంటే లండన్‌కు ఏం రాయమంటావు?"

"వాళ్లు కొన్న పత్రికను నెల కిందనే నేను మెట్లు దింపి పంపిన సార్," అన్నాడు శివరాం. "అది ఏ ఊరికి పోయిందో తెల్వదని రాయండి."