పెద్దింటి ఇటుకలు

వీధిలో ఇటుక పడ్డ చప్పుడైంది.

శంఖం కోసి గాజులు చేసే నెహుమి పని వదిలి బయటికొచ్చింది.

ఎదురుగా పెద్దింటి గోడెక్కి ఒకతను ఇటుకలు ఊడదీస్తున్నాడు. గడ్డం నెరిసింది. ఈ ఊరివాడు కాదు. రేవులో కొత్త పడవ కట్టి ఉంది.

"ఏమయ్యోయ్, అడిగేవాళ్లు లేరనేగా?"

"లేరు కదమ్మా," అన్నాడతను. చెయ్యి ఆపలేదు.

నిజమే. ఆ ఇంటివాళ్లు పడవెక్కి వెళ్లిపోయేనాటికి నెహుమి ఈ వీధికి కోడలిగా రాలేదు. వాళ్ల పూసలు సముద్రం దాటి పోయేవని, సింధు ఒడ్డున ఇంత ఊరు ఇంకోటి ఉండేది కాదని మామగారు చెప్పేవాడు. తర్వాత నది దారి మార్చుకుంది. సరుకు పడవలు రావడం మానేశాయి. ఏటా వరద మాత్రం వీధిలోకి వస్తోంది. ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. ఖాళీ ఇళ్ల ఇటుకలు పశువుల కొట్టాలకు పోతున్నాయి.

"పోనీలేవే, అందరూ పట్టుకుపోతున్నవేగా," అన్నాడు నెహుమి మొగుడు ఉరమ. గోడ మీది అతనికేసి తిరిగి, "గడప రాయి జోలికి మాత్రం పోకు నాయనా. దాన్ని ఆ ఇంట్లో పుట్టినవాడే ఎత్తాలి. ఈ ఊళ్లో దొంగలకి కూడా ఆ మాత్రం నీతుంది."

"తెలుసన్నా. కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

"నదుందిగా, తాగు," అంది నెహుమి. "వీధి మొత్తానికి మిగిలింది ఒక్క బావి. పోయినేడు వరద బురద అందులోకి దిగింది. బావి చుట్టూ ఉన్న ఒర గోడ ఎత్తు చేద్దామంటే కట్టేవాళ్లంతా తూర్పుకి పోయారు. ఈసారి కూడా దిగితే మేమూ మూటలు కట్టాల్సిందే. నీకు పొయ్యడానికి లేవు."

అతను బావికేసి చూశాడు. మళ్లీ ఇటుక మీద చెయ్యేశాడు.

కొన్నాళ్లకి నదిలో ఎర్రనీరు కనబడగానే, వరద వీధిలోకి రాకముందే వీధివాళ్లు మేకల్ని తోలుకుని మెట్టకి చేరారు.

"నీ దొంగ రాలేదేమే?" అన్నాడు ఉరమ.

"ఎందుకొస్తాడు? ఇప్పుడు వీధంతా అతనిదేగా. మన ఇల్లయినా మిగిలిస్తే చాలు."

వరద తీశాక దిగి వచ్చారు. నెహుమి ఇంటి గోడకి నడుం దాకా బురద చార ఉంది. పెద్దిల్లు లేదు. పునాది కనబడుతోంది.

"చెప్పానా?" అంది నెహుమి. బావి దగ్గరికి వెళ్లకుండా గుమ్మంలోనే ఆగింది.

ఉరమే వెళ్లాడు.

"ఇలా రావే."

బావి ఒర అతని గుండెల దాకా లేచి ఉంది. పాత ఇటుక, కొత్త అతుకు. బురద చార సగంలోనే ఆగిపోయింది. నీళ్లు తోడుకోవడానికి మెట్లు కట్టి ఉన్నాయి.

నెహుమి మెట్లెక్కి కుండ దింపింది. తేటనీరు వచ్చింది. దోసిలితో తాగింది. ఉరమకి పోసింది.

"ఇక మూటలు విప్పెయ్," అన్నాడతను మూతి తుడుచుకుంటూ.

"విప్పుతాలే. అతనేడి? ఒక చెంబు నీళ్లిద్దును."

"రేవులో అతని పడవ లేదు. వెళ్లిపోయాడు."

నెహుమి కుండ నింపి పై మెట్టు మీద పెట్టింది. కుండ ఒరగలేదు. ఆ మెట్టు రాయిది. దానికి ఒక పక్క గుంట ఉంది, కుండ అడుగు అందులో కుదురుకుంది.

ఉరమ కుండ జరిపి గుంటని వేలితో తడిమాడు. తలుపు ఇరుసు తిరిగి తిరిగి పడ్డ గుంట.

అది పెద్దింటి గడప రాయి.