చెయ్యి తియ్యని మనిషి

బావమరిది ఒక్క తోపు తోశాడు. ఆ మనిషి కంకర మీద వెల్లకిలా పడ్డాడు.

మోచెయ్యి చీరుకుని రక్తం కారింది. అయినా లేచి మళ్లీ అదే మాట అన్నాడు.

“స్టార్ట్ చెయ్యకండి సార్. నూనె ఎక్కువ పోశారు.”

“నువ్వేమైనా మెకానిక్‌వా?”

“కాదు.”

“మరేం పని చేస్తావ్?”

“ఏమీ చెయ్యను.”

“అయితే పోయి అదే చేసుకో!”

పందొమ్మిది రోజులుగా ఆ ముగ్గురూ రోడ్డు మీదే ఉన్నారు. బావ, అతని భార్య, ఆమె తమ్ముడు. బండి పాత డీజిల్ వ్యాను. మంచం, పొయ్యి, గ్యాస్ బండ, నీళ్ల ట్యాంకు అన్నీ వాళ్లే బిగించుకుని దాన్ని ఇల్లు చేసుకున్నారు. ఇంజన్ డ్రైవరు సీటు పక్కనే, రేకు మూత కింద ఉంటుంది. రోజూ ఏదో ఒక వంకతో మూలుగుతుంది కనుక బావ దానికి ‘అత్తగారు’ అని పేరు పెట్టాడు.

“మా అమ్మనంటే ఊరుకోను బావా,” అని బావమరిది నవ్వేవాడు.

ఆ ఉదయం బంకు వెనక ఖాళీ స్థలంలో ఆపి ఇంజన్ ఆయిల్ మార్చారు. కడ్డీ ముంచి కొలిచే ఓపిక లేక బావమరిది డబ్బా మొత్తం ఒంపేశాడు. ఒకసారి స్టార్ట్ చేసి ఆపితే, నీలం పొగ గుప్పున లేచింది. గోడకు ఆనుకుని కూర్చున్న ఆ మనిషి ఆ పొగ చూసే లేచి వచ్చాడు. మాసిన చొక్కా, వణికే చేతులు.

“వదిలెయ్‌రా, మతి లేనివాడిలా ఉన్నాడు,” అంటూ బావ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజన్ అందుకుంది. కాసేపు గురగురలాడింది. ఉన్నట్టుండి గొంతు పెంచింది.

బావ కాలు తీసేశాడు. తగ్గలేదు.

తాళం వెనక్కి తిప్పాడు. ఆగలేదు.

తాళం పీకేశాడు. తాళం చేతిలో ఉంది, ఇంజన్ మాత్రం గావుకేకలు పెడుతోంది. బండి మొత్తం ఊగిపోయింది. అలమర తలుపులు తెరుచుకుని గిన్నెలు దభదభా పడ్డాయి. లోపలంతా పొగ.

బావ కిందికి దూకేశాడు. భార్య వెనక కూరలు తరుగుతోందన్న సంగతి నేల మీద పడ్డాక గుర్తొచ్చింది.

“దిగు! దిగు!” అని అరిచాడు.

ఆమె అలమర పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

అప్పుడు ఆ మనిషి పరిగెత్తుకొచ్చాడు. పక్క తలుపులోంచి ఎక్కి, ఆమె జబ్బ పట్టుకుని బయటికి విసిరేశాడు. ఆమె మొహం కంకరకు కొట్టుకుంది. పెదవి చిట్లింది.

బండి వెనక ఉన్న బావమరిది ఇవతలికి వచ్చేసరికి, అక్క నేల మీద రక్తం ఉమ్ముతోంది. అతనికి ఒళ్లు తెలియలేదు. వీల్ స్పానర్ అందుకుని బండిలోకి దూకాడు.

“మా అక్క మీదే చెయ్యేస్తావురా!”

ఆ మనిషి అప్పటికే రేకు మూత పీకి పారేశాడు. ఇంజన్‌కి గాలి అందించే రబ్బరు గొట్టం ఊడబెరికాడు. కూరలు తరిగే చెక్కపలకను ఆ కంతకు అడ్డం పెట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక పటుక్కుమంది.

అతను ఏదో అరిచాడు. ఆ మోతలో వినబడలేదు.

రెండో దెబ్బ డొక్కలో పడింది. మోకాళ్ల మీద కూలాడు. పలక జారబోతే ఛాతీ ఆనించి నొక్కాడు. వేడి ఇనుముకు చర్మం అంటుకుని కమురు వాసన వచ్చింది.

తిరిగి కొట్టలేదు. కనీసం వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో దెబ్బ తల మీద పడింది.

ఇంజన్ రెండుసార్లు దగ్గింది. వణికింది. ఆగిపోయింది.

పలక మీది నుంచి అతని చేతులు విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

అంబులెన్సు అతన్ని తీసుకెళ్లాక, పక్క షెడ్డు మెకానిక్ వచ్చి కడ్డీ తీసి చూశాడు.

“గొంతుదాకా పోశారు కదయ్యా! ఆ నూనెనే తాగి పరిగెడుతుంది ఇంజన్. తాళం తీసినా ఆగదు. గాలి మూస్తేనే చస్తుంది. ఇంకో నిమిషమైతే పగిలి ముక్కలు తూటాల్లా లేచేవి. పక్కనే గ్యాస్ బండ కూడానూ. ఇంతకీ గాలి మూసిందెవరు?”



ఆసుపత్రికి చేరేలోపే అతని ప్రాణం పోయింది.

వరండా బెంచీ మీద బావమరిది కూర్చున్నాడు. పక్కన కానిస్టేబుల్. అక్క పెదవికి కుట్లతో గోడకు ఆనుకుని నిలబడింది. తమ్ముడి వంక చూడలేకపోతోంది.

చనిపోయినవాడి భార్య వచ్చింది. జరిగిందంతా కానిస్టేబుల్ నోట విని, లోపలికి వెళ్లి చూసింది. బయటికి వచ్చి నేరుగా బావమరిది ముందు నిలబడింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

“కొట్టింది నువ్వేనా బాబూ?”

“నేనేనమ్మా. మా అక్కను చంపేస్తున్నాడనుకున్నా.”

“ఎన్ని దెబ్బలు?”

“మూడు.”

“మధ్యలో చెయ్యి తియ్యలేదా?”

“తియ్యలేదు.”

“దిగిపోవడానికి తలుపు తెరిచే ఉందా?”

“బార్లా తెరిచి ఉందమ్మా.” బావమరిది వెక్కివెక్కి ఏడ్చాడు. “అంత గుండె గల మనిషిని ఈ చేతులతోనే...”

ఆమె అతని పక్కనే బెంచీ మీద కూలబడింది. తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది.

“పదకొండేళ్ల కిందట బస్సు ఇంజన్ ఇలాగే పిచ్చెత్తి అంటుకుంటే, ముప్పై మందిని లోపలే వదిలేసి అందరికంటే ముందు దూకేసిన డ్రైవరు, మా ఆయనే.”